సోమశిల నీళ్లలో కయాక్ వేయాలంటే ముందు గాలి సంగతి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది వనపర్తిలో ఉద్యోగం, ఈమధ్యే పెళ్లయింది, ఇద్దరికీ నీళ్లంటే ఇష్టం. డిసెంబర్ సెలవుల్లో సోమశిల నుంచి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద కృష్ణ దాటి, అవతలి ఒడ్డున ఒక రాత్రి గుడారం వేసుకుని మర్నాడు తిరిగి రావాలనుకుంటున్నారు. గాలి నింపే కయాక్ కొనాలా, గట్టిది కొనాలా అని అడిగారు. మొసళ్లుంటాయా, నీళ్లు ఎంత లోతు, మీకు ఈత కొద్దిగానే వచ్చు, మీ ఇంటామెకు అసలు రాదు, పర్వాలేదా అని అడిగారు. దేవరకొండలో ఉన్న మీ మిత్రుడు నాగార్జునసాగర్ మేలంటున్నాడట, ఏది మంచిదో చెప్పమన్నారు.

నాది కొల్లాపూర్. పదకొండేళ్లుగా శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన ఈ బ్యాక్‌వాటర్‌లో కయాక్ వేస్తున్నాను. మొదటి రెండేళ్లు ఎవరూ నేర్పకుండా పడుతూ లేస్తూ నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇక్కడి జాలర్ల దగ్గర నేర్చుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీ ప్రశ్నలో లోతు ఉంది, మొసలి ఉంది, ఈత ఉంది. గాలి లేదు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

లోతు సంగతి ఒక్క మాటలో చెప్తాను. లైఫ్ జాకెట్ సరిగ్గా కట్టుకున్న మనిషికి పది అడుగుల నీళ్లయినా వంద అడుగుల నీళ్లయినా ఒకటే. కట్టుకోని మనిషికి నిలువు లోతు చాలు. గాలి అలా కాదు. సోమశిల ఘాటు మీద నిలబడి చూస్తే మీకు పెద్ద చెరువులా కనిపిస్తుంది, కానీ అది చెరువు కాదు. నల్లమల కొండల మధ్య లోయ మొత్తం నిండి నిలబడిన నది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు, నిండితే 215 టీఎంసీలకు పైనే. అంత నీటి మీద గాలికి అడ్డు ఏమీ ఉండదు. చెరువు మీద అదే గాలి వీస్తే వేలెడు అల లేస్తుంది. ఇక్కడ గాలి కిలోమీటర్ల కొద్దీ నీళ్ల మీద పరుగెత్తి వస్తుంది కాబట్టి, వచ్చేకొద్దీ అల పెరుగుతుంది. పైగా కొండల సందు దొరికిన చోట గాలి లోయ ఎటు తిరిగితే అటే తిరుగుతుంది, సందు ఇరుకైన చోట వేగం పెంచుకుంటుంది. మీ ఫోన్‌లో గాలి తూర్పు నుంచి అని చూపించినా, మలుపు దాటగానే అది మీకు ఎదురుగా ఉండొచ్చు.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక ఫిబ్రవరి ఉదయం, నేనూ ఒక స్నేహితుడూ ఏడున్నరకు బయల్దేరాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొండల మీద నుంచి మంచు అప్పుడప్పుడే విడిపోతోంది. యాభై నిమిషాల్లో అవతలి ఒడ్డు దగ్గరికి చేరాం. అంత సులువుగా దాటామన్న సంతోషంలో అక్కడే నీడలో పడవలు ఆపి జొన్నరొట్టె, పల్లీ పచ్చడి తిని, ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాం. పదకొండుకు తిరిగాం. ఒడ్డు నీడ దాటగానే ఎడమ పక్క నుంచి గాలి కొట్టింది. కయాక్ ముక్కు మాటిమాటికీ గాలివైపు తిరిగిపోతోంది. దాన్ని సరిచేయడానికి ఒకవైపే తెడ్డు వేస్తూ పోతే గంట గడిచినా సగం నీళ్లు దాటలేదు. స్నేహితుడికి ఉక్కపోసి జాకెట్ ముందు క్లిప్పులు తీసేశాడు. పక్క నుంచి వచ్చిన అలకు పడవ బోర్లా పడింది. కట్టని జాకెట్ పైకి లేచి మొహాన్ని కప్పేసింది. నేను అతని దగ్గరికి చేరేలోపు గాలి అతని పడవను నెట్టుకుపోయింది. దూరంలో వల తీస్తున్న ఇంజను పడవ వాళ్లు మా ఈల విని రాకపోతే ఆరోజు ఏమయ్యేదో చెప్పలేను. మమ్మల్ని ఒడ్డున దించుతూ అందులోని పెద్దాయన అన్న మాట ఇప్పటికీ నాకు గుర్తే: "పొద్దున పొయ్యేటోళ్లు పొద్దున్నే రావాలె బిడ్డా. పగటీలి గాలి మీ కోసం ఆగుతదా?"

చలికాలంలో ఇక్కడి రోజు దాదాపు ఇలాగే నడుస్తుంది. తెల్లవారుజామున గాలి పడుకుని ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కేకొద్దీ పైన వీచే గాలి కిందికి దిగుతుంది. పది, పదకొండు మధ్య నీళ్ల మీద కదలిక మొదలై మధ్యాహ్నం రెండు మూడింటికి గట్టిపడుతుంది. సాయంత్రం చాలాసార్లు తగ్గుతుంది కానీ తగ్గుతుందని నమ్మి నీళ్ల మీద ఉండకూడదు, ఎందుకంటే తగ్గకపోతే వెంటనే చీకటి పడుతుంది. కొత్తవాళ్లు కయాక్‌ను గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు నడపగలరు. గాలి గంటకు పదిహేను కిలోమీటర్లు దాటితే ఎదురు నడపడం కష్టమవుతుంది. ఇరవై దగ్గర అలల తలలు తెల్లగా విరగడం మొదలవుతుంది. ఒడ్డు మీద నుంచి అక్కడక్కడా తెల్ల నురుగు కనిపించిందంటే ఆరోజు మీరు పడవ దించకండి. నీళ్ల మీద ఉండగా కనిపిస్తే దగ్గరి ఒడ్డుకు తిరగండి, మీరు బయల్దేరిన ఒడ్డే కావాలని పట్టుపట్టకండి.

నురుగు రాకముందే ఒక గుర్తు కనిపిస్తుంది. అమరగిరి వైపు వల వేసే ఒకాయన నాకు చూపించాడు. దూరంగా నీళ్ల మీద ఒక చోట రంగు నల్లబడుతుంది. అక్కడ గాలి నీటిని తాకి గరుకుగా చేసింది కాబట్టి వెలుతురు తిరిగి రాదు. "నీళ్లు నల్లగ పడ్డయంటే గాలి లేసినట్టే" అంటాడాయన. ఆ నల్లటి మరక మీవైపు పెరుగుతూ వస్తుంటే ఐదు నిమిషాలో పది నిమిషాలో మీకు సమయం ఉన్నట్టు. ఈ ఒక్క చూపు అలవాటైతే సగం చదువు వచ్చినట్టే.

కాబట్టి బయల్దేరేటప్పుడు ముందు గాలికి ఎదురుగా వెళ్లండి. వెళ్లేటప్పుడు కష్టపడితే వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. మనసు ఎప్పుడూ ముందు సులువైన వైపు పోదామంటుంది, దాని మాట వినకండి. తిరిగే సమయం ఒడ్డు మీద ఉండగానే చెప్పుకోండి. ఏడింటికి దిగితే ఎనిమిదిన్నరకు ఎక్కడున్నా తిరగాలి, పదింటికి పడవ ఒడ్డు మీద ఉండాలి. "ఆ రాయి దాకా పోయి వద్దాం" అని దూరంతో లెక్క పెట్టుకుంటే ఆ రాయి మిమ్మల్ని లాగుతుంది.

ఇక కృష్ణ దాటి రాత్రి ఉండటం. ఈ డిసెంబర్‌కు వద్దు, గట్టిగా వద్దని చెప్తున్నాను. గాలి ఒక కారణం. రెండోది, అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, నంద్యాల జిల్లా. అక్కడ చిక్కుకుపోతే కర్నూలు మీదుగా వంద కిలోమీటర్లకు పైనే చుట్టు తిరిగి రావాలి. మూడోది, కిందికి పోయేకొద్దీ రెండు ఒడ్లూ పులుల అభయారణ్యాలు, ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం. అటవీ శాఖ అనుమతి లేకుండా ఒడ్డున దిగడం, పొయ్యి రాజేయడం, గుడారం వేయడం నేరం. అది పులి కోసం, చిరుత కోసం, నీళ్లకు వచ్చే దుప్పుల కోసం పెట్టిన నియమం, నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. లోయ మొత్తం చూడాలనుంటే సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. నీళ్లు చాలినన్ని ఉన్న రోజుల్లోనే నడుస్తుంది, ముందుగా కనుక్కోండి. ఇంజనున్న ఆ లాంచీకే ఆరేడు గంటలు పడుతుంది. ఒకసారి దాంట్లో పోయి రండి, ఆ నీళ్లు ఎంత పెద్దవో కళ్లకు తెలుస్తుంది.

పడవ గురించి. గాలి నింపేది కారు డిక్కీలో పడుతుంది, ధర తక్కువ, అందుకే అందరూ దానివైపు చూస్తారు. చిన్న చెరువులో బాగానే ఉంటుంది. ఈ నీళ్లలో మాత్రం అది నీటి మీద ఎత్తుగా, తేలిగ్గా కూర్చుంటుంది కాబట్టి గాలికి విస్తరాకులా కొట్టుకుపోతుంది. నీటమునిగిన తుమ్మ మోడు ఒక్కటి గీసినా చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, నిండా గాలి కొట్టి ఒడ్డున ఎండలో పెడితే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. మీకు నా సలహా ప్లాస్టిక్‌తో చేసిన గట్టి కయాక్, అదీ లోపలికి కాళ్లు దూర్చి కూర్చునేది కాదు, పైన కూర్చునేది. లోపల కూర్చునేది వేగంగా పోతుంది, నేను ఇప్పుడు వాడేది అదే. కానీ బోర్లా పడితే దాని నిండా నీళ్లు నిండుతాయి, తోడటానికి పంపు ఉండాలి, మళ్లీ ఎక్కడానికి శిక్షణ ఉండాలి. పైన కూర్చునే దానిలో నీళ్లు నిలవవు, రంధ్రాల్లోంచి కిందికి కారిపోతాయి. పది పన్నెండు అడుగుల పొడవుది తీసుకోండి. మరీ పొట్టిది తెడ్డు వేసినప్పుడల్లా అటూ ఇటూ ముక్కు ఊపుతుంది. ఇద్దరూ ఒకే పడవలో కూర్చునేది మొదట్లో మంచిదే అనుకుంటాను, ఎందుకంటే ఈత రాని మనిషి గాలికి విడిపోయి దూరం పోరు.

జాకెట్ గురించి మాత్రం బేరం ఆడకండి. మనిషి బరువుకు తగింది కొనండి. వేసుకుని అన్ని పట్టీలూ బిగించాక, ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ సైజు కాదు, లేదా సరిగ్గా బిగించలేదు. దానికి ఒక ఈల తాడుతో కట్టి ఉంచండి. నీళ్ల మీద అరుపు వినపడదు, ఈల వినపడుతుంది. మూడుసార్లు ఆపి ఆపి ఊదితే ఆపద అని అర్థం. లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

తెడ్డు వేయడం చేతుల పని అనుకుంటారు అందరూ. అరగంటలో భుజాలు పట్టేస్తాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు కవ్వంతో చల్ల చిలకడం చూసి ఉంటారు కదా, ఒక చేయి వెనక్కి వస్తుంటే ఇంకో చేయి ముందుకు పోతుంది, నడుము నుంచి పైభాగం మొత్తం తిరుగుతుంది. గంటసేపు చిలికినా వాళ్ల భుజాలు నొప్పి పెట్టవు. తెడ్డూ అంతే. నడుము తిప్పి, తెడ్డు రెక్కను కాలివేళ్ల దగ్గర నీట్లో పూర్తిగా ముంచి, తుంటి దగ్గరికి రాగానే బయటికి తీయాలి. తుంటి దాటి వెనక్కి లాగితే పడవ ముందుకు పోదు, తిరుగుతుంది. ఏ వైపు తెడ్డు వేస్తే ఆ వైపు కాలితో మెల్లగా నెట్టండి. అల పక్క నుంచి వస్తున్నప్పుడు ఒళ్లు బిగబట్టకండి. నడుము కింద పడవను ఊగనివ్వండి, తల మాత్రం నిటారుగా ఉంచండి. పెద్ద అల కనిపిస్తే ముక్కు దానికి కొంచెం ఏటవాలుగా పెట్టండి, పక్క మాత్రం ఇవ్వకండి.

ఈత విషయం. మీకు కొద్దిగా వచ్చు, ఆమెకు రాదు. జాకెట్‌తో ఒడ్డు దగ్గర వేయొచ్చు, కానీ సోమశిలకు రాకముందు ఒక పని చేయండి. ఏదైనా చిన్న చెరువులో, ఛాతీ లోతు నీళ్లలో, మీరే కావాలని పడవను బోర్లా తిప్పండి. అందులో నుంచి పడండి. మళ్లీ ఎక్కండి. ఇద్దరూ పదిసార్లు చేయండి. ఎక్కే పద్ధతి ఇది: ముందు పడవను, తెడ్డును వదలకండి. పడవను సరిగ్గా తిప్పండి. దాని పక్కన నీళ్లలో పొట్ట మీద పడుకుని కాళ్లు వెనక్కి నీటి పైకి తేవాలి. నిలువుగా వేలాడుతూ ఎక్కబోతే కాళ్లు పడవ కిందికి పోతాయి. కాళ్లు గట్టిగా కొడుతూ, అవతలి అంచు పట్టుకుని, చేప ఒడ్డుకు ఎగిరినట్టు పొట్టను పడవ మీదికి లాక్కోండి. తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చోండి, ఆఖరున కాళ్లు పెట్టుకోండి. మొదటిసారి ముక్కులోకి నీళ్లు పోయి భయం వేస్తుంది. ఐదోసారికి భయం పోతుంది. మీ ఇంటామెకు నీళ్ల మీద ధైర్యం ఇక్కడే వస్తుంది, మీ మాటలతో రాదు. పెద్ద నీళ్లలో పడితే పడవను వదిలి ఒడ్డుకు ఈదడం ఎప్పుడూ చేయకండి. ఒడ్డు కనిపించినంత దగ్గర ఉండదు. తేలే పడవ దూరానికి కూడా కనిపిస్తుంది, మనిషి తల కనిపించదు.

ఆ చెరువు ఏదన్నది మీ ఇష్టం. గుర్రపుడెక్క, తామర తీగలు లేని చోటు చూసుకోండి. చెరువుల మీద చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది, వాళ్లను అడిగి దిగండి. మీకు దగ్గర సరళాసాగర్ ఉంది కదా అనుకుంటారేమో. వనపర్తి రాజుల కాలంలో మొదలై 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది, చూడాల్సిన చోటు. కానీ దానివి సైఫన్లు. నిండిన రోజుల్లో నీటిమట్టం ఒక హద్దు చేరగానే, గేటు ఎత్తే మనిషి లేకుండానే, వాటంతట అవే నీటిని లాగడం మొదలుపెడతాయి. నిండి ఉన్నప్పుడు దాని దరిదాపుల్లో పడవ వేయకూడదు.

ఇదే మాట సోమశిలకూ వర్తిస్తుంది. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మొదటి పంపుహౌజ్ ఉంది. పంపులు నడిచినప్పుడు నీటిని లాగే కాలువ పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది, లోపల లాగుడు ఉంటుంది. ఇన్‌టేక్ (నీటిని లోపలికి లాగే చోటు), తూము, గేటు అనే మాటలు వినిపించిన చోటుకు కయాక్ తీసుకుపోకండి. ఎంత దూరం ఉండాలని అడగొద్దు, అటు వైపే పోవద్దు.

మొసళ్లు ఉన్నాయి. కృష్ణలో ఉండేది మగ్గర్ మొసలి. నేను చాలాసార్లు చూశాను, చలికాలం ఎండకు రాళ్ల మీద, బురద గట్ల మీద నోరు తెరుచుకుని పడుకుంటుంది. మన పడవను చూసి అదే ముందు నీట్లోకి జారుతుంది. అయినా నేను పాటించే పద్ధతులు చెప్తాను. వాగులు వచ్చి కలిసే ఇరుకు మూలల్లోకి, రెల్లు ఉన్న చోటికి పోను. తెల్లవారకముందు, పొద్దుగూకాక నీళ్ల మీద ఉండను. పడవ పక్కన కాళ్లు వేలాడేయను. చేపలు కడిగే చోట దిగను. వేసవిలో అవి గుడ్లు కాచుకునే సమయంలో ఇసుక గట్ల దగ్గరికే పోను. మొసలి కనిపిస్తే ఫొటో కోసం దగ్గరికి పోకండి, మలుపు తీసుకుని దూరం నుంచి పోండి. నేను చూసినంతలో ఈ నీళ్లలో జనాన్ని బలి తీసుకున్నది ఎక్కువగా ఈత రాకుండా స్నానానికి దిగడం, జాకెట్లు లేకుండా పడవ ఎక్కడం.

ఎప్పుడు రావాలి అన్నదానికి డిసెంబర్ మంచి ఎంపికే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి రోజంతా వీస్తుంది, వరద వస్తుంది, నీళ్ల మీద మొద్దులు కొట్టుకొస్తాయి, అప్పుడు అసలు వద్దు. వరద తగ్గి, గేట్లు మూశాక, అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా గాలి కొంత మెత్తగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక నల్లమల మీద మబ్బు కమ్మి ఒక్కసారిగా గాలిదుమారం, పిడుగులు వస్తాయి. ఉరుము వినపడిందంటే నీళ్ల మీద ఉండకూడదు.

వచ్చే ముందు రోజు శ్రీశైలం నీటిమట్టం చూసుకోండి, పేపర్లో రోజూ వేస్తారు. 880 దాటి ఉంటే నీళ్లు గట్ల దాకా ఉంటాయి, మోడులు లోతుగా మునిగి ఉంటాయి. మట్టం దిగేకొద్దీ అవి పైకి వస్తాయి. అన్నిటికంటే ప్రమాదం పూర్తిగా పైకి రాని రోజులు, అంటే నీటికి జానెడు కింద ఉన్నప్పుడు. చెట్ల మోడులే కాదు, గోడలు, బావి గట్లు కూడా. నీళ్లు వెనక్కి పోయిన చోట పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు మట్టి ఉంటుంది, కాలు పెడితే మోకాలు దాకా దిగుతుంది. అక్కడ పడవ దిగకండి. బురదలో కాలు ఇరుక్కుంటే నిలబడి లాగకుండా పడవ మీద బరువు వేసి పొట్ట మీద పడుకుని కాళ్లు మెల్లగా తీయండి.

గోడలు అన్నాను కదా. ఈ జలాశయం కింద ఇటు పాలమూరువి, అటు కర్నూలువి కలిపి దాదాపు నూరు ఊళ్లున్నాయి. మా అమ్మమ్మ ఊరు అందులో ఒకటి. సోమశిల గుడులను, జటప్రోలు గుడులను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మాత్రం అక్కడే ఉండిపోయి, వేసవిలో మట్టం బాగా దిగినప్పుడు బయటికి వస్తుంది. ఇళ్లను ఎవరూ విప్పి తేలేదు. అమ్మమ్మ చనిపోయేదాకా మా ఇంట్లో కూర్చుని ఊరు ఏ దిక్కున ఉందో చేయి చూపి చెప్పేది, దారిలో ఏ చింతచెట్టు తర్వాత ఏ ఇల్లు వస్తుందో వరుసగా చెప్పేది. ఒక మే నెలలో ఆమె చెప్పిన గుర్తులు పట్టుకుని కయాక్ మీద వెళ్లాను. నీళ్ల కింద మోకాలెత్తు గోడలు, మధ్యలో సందు, రోలు ఒకటి. తెడ్డు పైకెత్తి పట్టుకున్నాను, పడవ దానంతట అది ఆ సందు మీదుగా జరిగింది. కయాక్‌కు చప్పుడు ఉండదు కాబట్టే అది సాధ్యమైంది. మీరు ఆ వైపు వస్తే అక్కడ గట్టిగా పాటలు పెట్టకండి. ఒడ్డున చేపలు పట్టే ముసలివాళ్లలో కొందరికి అది ఇప్పటికీ సొంత ఊరే.

జాలర్ల గురించి తప్పకుండా చెప్పాలి. నీళ్ల మీద వరుసగా తెల్లటి థర్మకోల్ ముక్కలు, ఖాళీ నీళ్ల సీసాలు తేలుతుంటే కింద వల ఉన్నట్టు. తెడ్డు తగిలితే వల చిరుగుతుంది, వాళ్ల కూలి పోతుంది. మీరు అక్కడ పడితే కాళ్లకు చుట్టుకుంటుంది. దూరం నుంచే కేక వేయండి: "అన్నా, వల యాడిదాక ఉంది?" అంటే "ఆ తెల్ల డబ్బ కాడిదాక ఉన్నది, ఇట్ల సుట్టు తిరిగి పోండ్రి" అని చెప్తారు. తప్పదనుకుంటే రెండు తేలే ముక్కల మధ్య, వల కిందికి జారి ఉండే చోట, తెడ్డు పైకి తీసి అడ్డంగా జారిపోండి. బయల్దేరే ముందు ఘాటు మీద ఎవరో ఒక జాలరికి ఎటు పోతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పండి. వచ్చాక వచ్చామని కూడా చెప్పండి. పుట్టిలో (గుండ్రటి బుట్ట పడవలో) తిరిగే మనిషి మీ మెరిసే కయాక్ వైపు ఒక్కసారి చూసి "ఈరోజు వద్దు" అంటే పడవ మళ్లీ కారు మీదికి ఎక్కించండి. నేను ఆ మాట కాదని పోయింది లేదు.

సాగర్ గురించి మీ మిత్రుడి మాట కొంతవరకు నిజమే. అక్కడ దారి సులువు, నేరేడుగొమ్ము వైపు వైజాగ్ కాలనీ దగ్గర నీళ్లు, కొండలు చాలా అందంగా ఉంటాయి. విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాలు అక్కడ ఉన్నాయి, వాళ్లు వేయించే చేప కోసమైనా వెళ్లాలి. కానీ డ్యామ్ దగ్గర విప్పారిన నీళ్లు మరీ ఎక్కువ, నాగార్జునకొండకు పోయే లాంచీల అల ఉంటుంది. కొండ దీవి పురావస్తు శాఖది, మన ఇష్టానికి పడవ కట్టే చోటు కాదు. పైన శ్రీశైలం డ్యామ్ కింది భాగంలో ఇంకో చిక్కు ఉంది. ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, అవి నీటిని కిందికి వదలగలవు, వెనక్కి ఎత్తిపోయగలవు. అంటే వాన లేకుండానే అక్కడ నీళ్లు లేస్తాయి, దిగుతాయి. కొత్తవాళ్లకు సోమశిలే మేలు.

ఇక మీ డిసెంబర్‌కు నేను చెప్పే పద్ధతి. ముందు రాత్రి కొల్లాపూర్‌లో ఉండండి, అక్కడి నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే. ఘాటు దగ్గర కనుక్కుని, పర్యాటక శాఖ పడవలకు అడ్డం రాకుండా పక్క నుంచి దిగండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, నిమ్మకాయ, ఉప్పు, రొట్టె, పల్లిపట్టి పెట్టుకోండి. మన ఎండకు డిసెంబర్‌లో కూడా తల తిరుగుతుంది. ఫోన్‌ను నీళ్లు దూరని సంచిలో పెట్టి జాకెట్‌కు కట్టుకోండి, పడవకు కట్టకండి. ఏడింటికి దిగి, మన ఒడ్డు వెంబడే, ఒడ్డు నుంచి యాభై గజాలు దాటకుండా, గాలికి ఎదురుగా గంటన్నర వెళ్లండి. మధ్యలో ఒకసారి తెడ్లు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు ఊరికే ఉండండి. కొండ నీడ నీళ్ల మీద నుంచి వెనక్కి జరగడం కనిపిస్తుంది, చేప ఎగిరిన చప్పుడు అవతలి మలుపు నుంచి కూడా వినిపిస్తుంది. పదింటికల్లా ఒడ్డుకు రండి. ఇలా మూడు ఉదయాలు చేశాక, మూడూ పెద్ద గాలి లేకుండా గడిచాయని కాదు, గాలి లేచిన రోజు ముందే చూసి తిరిగి రాగలిగారని మీకు అనిపించాక, దాటడం గురించి మళ్లీ అడగండి. అప్పుడు ఒక ఇంజను పడవను వెంట పెట్టుకుని మీ ఇద్దరితో నేనూ వస్తాను.